తాళాలు ఇచ్చేయడానికి అంత తొందరేమిటి?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంట్లో అద్దెకుంటున్న పెద్దవాళ్లెవరైనా కేర్ హోమ్‌లో చేరారని తెలిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే పాట ఎత్తుకుంటారు. ఆసుపత్రిలో డిశ్చార్జి సంగతి చూసే ఉద్యోగిని అంటుంది. హౌసింగ్ ఆఫీసులో ఫోనెత్తినవాడు అంటాడు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అంటాడు. "ఇంకా ఆ ఇల్లెందుకు? నాలుగు వారాల నోటీసిచ్చి తాళాలు పడేస్తే పోలా?"

ఈ సలహా వెనకున్న లెక్క అర్థం కాకపోదు. మనిషి లేని ఇంటికి అద్దె దండగ. బయట ఇల్లు లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. కొడుకో కూతురో ఒక సంతకం గీకితే అయిపోయే పని. వింటుంటే ఇంగితమున్న మాటలాగే ఉంటుంది. కానీ ఇది చాలాసార్లు ఆ పెద్దమనిషికి చేసే అన్యాయం, కొన్నిసార్లు చట్టం ముందు నిలబడని పని కూడా. నేనుండేది తూర్పు లండన్. మనవాళ్లకి ఫారాలు నింపిపెట్టే పని ఎప్పుడో నా నెత్తిన పడింది, ఇప్పటికీ దిగలేదు. ఇక్కడి తెలుగువాళ్లంటే డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అనుకుంటారుగానీ, డెబ్బైల్లో వచ్చి ఫ్యాక్టరీల్లో, తపాలా సార్టింగ్ ఆఫీసుల్లో షిఫ్టులు చేసి, కౌన్సిల్ ఫ్లాట్లలోనే తలలు నెరిసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఈ "పడేస్తే పోలా" అన్న మాట వాళ్ల ఇళ్లలో ఏం చేస్తుందో చూస్తూనే ఉన్నాను.

ముందు ఆ అద్దె హక్కు ఎలాంటిదో చెప్పాలి. మనవాళ్ల బుర్రలో అద్దె ఇల్లంటే హైదరాబాద్ లెక్క: పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, ఓనరుకి కోపమొస్తే ఖాళీ చేసెయ్. కౌన్సిల్ ఇల్లు అలాంటిది కాదు. 1980 నాటి హౌసింగ్ చట్టం కౌన్సిల్ అద్దెదారులకి భద్రత కల్పించింది, 1985 చట్టం దాన్ని క్రోడీకరించింది. ఈ సెక్యూర్ టెనెన్సీ ఉన్న మనిషిని చట్టంలో రాసిన కారణం చూపించి, కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే తప్ప కౌన్సిల్ కదపలేదు. అద్దె బజారు అద్దెకంటే బాగా తక్కువ. అంటే అది జీవితాంతం ఉండే హక్కు. అమ్ముకోలేం, తాకట్టు పెట్టలేం, కాబట్టి మన కళ్లకి ఆస్తిలా ఆనదు. "అదెంత, అద్దె కొంపేగా" అనేస్తాం. లండన్‌లో ఇవాళ ఆ కొంపకి సాటివచ్చే ఇల్లు ఆ అద్దెకి ఇంకెక్కడ దొరుకుతుందో ఆ మాటన్నవాళ్లు చూపించాలి.

సొంతిల్లు ఉన్న పెద్దాయన కేర్ హోమ్‌లో చేరితే ఏమవుతుందో చూడండి. హోమ్ ఖర్చు లెక్కగట్టేటప్పుడు మొదటి 12 వారాలు ఆయన ఇంటి విలువను కౌన్సిల్ లెక్కలోకి తీసుకోదు. ఆ తర్వాత కూడా ఇల్లు అమ్మకుండా, ఖర్చును ఇంటి మీద బాకీగా రాయించుకుని, చనిపోయాక తీర్చే ఏర్పాటు ఉంది. ఇంట్లో భార్య ఉంటే అసలు ఆ ఇంటి జోలికే రారు. ఇదంతా ఎందుకంటే హోమ్‌లో చేరడం పెద్ద నిర్ణయమని, మనిషి నిలదొక్కుకోవడానికి వ్యవధి కావాలని చట్టానికి తెలుసు కాబట్టి. ఆ వ్యవధి నలభై ఏళ్లు అద్దె కట్టిన మనిషికి మాత్రం అక్కర్లేదా? సొంతిల్లున్నాయనకి ఎవరూ "నాలుగు వారాల్లో అమ్మేయండి" అని చెప్పరు. చెబితే కొడుకు కోర్టుకెళతాడు. అదే కొడుకు, తండ్రి అద్దెదారు అయితే, సోమవారం ఫోనొస్తే శుక్రవారానికి సామాను బయట పెట్టేస్తాడు.

పైగా "హోమ్‌లో చేరారు" అన్న మాటలోనే సగం పొరపాటు దాగి ఉంటుంది. తుంటి విరిగి, ఆపరేషన్ అయి, ఇంకా తిన్నగా నడవలేని మనిషిని ఆసుపత్రి ఎక్కువ రోజులు మంచం మీద ఉంచుకోదు. కొన్నాళ్లపాటు ఒక కేర్ హోమ్‌కి పంపి, అక్కడ కోలుకున్నాక ఆ మనిషికి నిజంగా ఏం అవసరమో చూస్తారు. దీన్ని వాళ్లు "డిశ్చార్జ్ టు అసెస్" అంటారు. అంటే ముందు బయటికి పంపడం, తర్వాత అంచనా వేయడం. ఆ అంచనా ఇంకా మొదలే కాలేదు. కానీ ఇంటిల్లిపాది చెవిన పడింది "హోమ్" అన్న ఒక్క ముక్కే. మనకి ఆ ముక్క వినగానే వృద్ధాశ్రమం గుర్తొస్తుంది, తిరిగిరాని ప్రయాణమనిపిస్తుంది. ఆ భయంలోంచే, ఆ సిగ్గులోంచే తొందర పుడుతుంది.

నాకు తెలిసిన ఒక పెద్దమ్మగారి విషయంలో అదే జరిగింది. భర్త పోయాక ఆ రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు, మెట్ల పక్కన రెండో రెయిలింగు, మెళ్లో వేలాడే అలారం బటను, అన్నీ ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ అడిగి బిగించుకున్నవి. నవంబరులో పడింది. ఆపరేషనయ్యాక హోమ్‌కి పంపారు. కొడుకు మంచివాడే, అమ్మంటే ప్రాణం. మాంచెస్టర్ నుంచి వారం వారం వచ్చేవాడు. ఆఫీసువాళ్లు పంపిన టెనెన్సీ ముగింపు ఫారం నా దగ్గరికి తెచ్చేసరికే నింపేసి, పంపేసి, జిరాక్సు కాపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. పైన అద్దెదారు పేరు. కింద "అద్దెదారు తరఫున సంతకం చేసేవారు" అన్న గీత. పక్కనే "అద్దెదారుతో సంబంధం" అన్న గడి. అందులో "కొడుకు" అని ఇంగ్లీషులో పొందిగ్గా రాశాడు. ఏ అధికారంతో సంతకం చేస్తున్నారని అడిగే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

చలికాలం పోయేసరికి పెద్దమ్మగారు వాకర్ పట్టుకుని హోమ్ వరండా అంతా తిరిగేస్తోంది. ఇంటికెళతానంది. ఇల్లు లేదు. కడ్డీలతో సహా వేరేవాళ్లకి ఇచ్చేశారు.

ఇక్కడ ఆఫీసుని తిట్టిపోయడం తేలిక. నా తగవు ఆ ఫారంతో కంటే, దాని వెనకున్న నమ్మకంతో: కొడుకంటే సంతకం చేసేవాడే కదా అన్న నమ్మకం. ఇంగ్లండ్ చట్టంలో కొడుకు అన్న గడికి అధికారమేమీ లేదు. "నెక్స్ట్ ఆఫ్ కిన్" అని ఆసుపత్రి రికార్డులో పేరెక్కినంత మాత్రాన తల్లి ఒప్పందాన్ని రద్దుచేసే హక్కు రాదు. పింఛను, బెనిఫిట్లు తల్లి బదులు తీసుకోవడానికి ప్రభుత్వం "అపాయింటీ"గా పెట్టినా, ఆ అధికారం బెనిఫిట్ల వరకే. ఇంటి మీద చెల్లదు. మరి ఎవరు చేయగలరు? ఆలోచనాశక్తి ఉన్నంతవరకు అద్దెదారు ఒక్కరే. అది పోకముందే ఆమె లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఉంటే, ఆస్తి, ఆర్థిక వ్యవహారాలకి సంబంధించిన ఆ పత్రం పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో నమోదై ఉంటే, అందులో పేరున్నవాళ్లు చేయగలరు. అదీ లేకపోతే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కి వెళ్లాలి. ఒక్క టెనెన్సీ విషయానికే ఉత్తర్వివ్వమని అడిగే వీలు అక్కడ ఉంది. ఫీజు నాలుగు వందల పౌండ్ల పైచిలుకు, నెలల తరబడి ఎదురుచూపు. అందుకే దాన్ని తప్పించుకోవాలని అందరికీ ఉంటుంది, కౌన్సిల్‌తో సహా.

"మాకు జీపీఏ ఉందండీ" అని ధీమాగా చెప్పేవాళ్లు మనలో ప్రత్యేకం. ఎప్పుడో గుంటూరులోనో కూకట్‌పల్లిలోనో ప్లాటు గొడవ కోసం నాన్నగారు రాసిచ్చిన స్టాంపు కాగితం. ఇక్కడి సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ ఏదైనా, రాసినవాళ్ల ఆలోచనాశక్తి పోయిన క్షణాన అదీ పోతుంది; సరిగ్గా అది అవసరమైన వేళకే. మన దేశంలోనూ అంతే. 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ చదవండి. అప్పజెప్పినవాడికి మతి చలిస్తే ఏజెన్సీ ముగిసిపోతుందనే అందులో ఉంది. జీపీఏ మీద అన్నీ నడిపించేయొచ్చని హైదరాబాద్ రియల్ ఎస్టేట్ మనకి నేర్పిన పాఠం, అక్కడే తప్పు.

మతి విషయంలో ఇంకో చోట గీత గీయాలి. "ఆవిడకి ఏం తెలుస్తుందండీ, డిమెన్షియా" అంటారు. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం మొదటి సెక్షనే చెబుతుంది: శక్తి లేదని తేలేదాకా ఉన్నట్టే భావించాలి. నిర్ణయం తెలివితక్కువగా కనబడినంత మాత్రాన శక్తి లేదనకూడదు. సొంతంగా నిర్ణయించుకోవడానికి వీలైన సాయమంతా చేశాకే లేదనాలి. అది కూడా ఒక్కో నిర్ణయానికి విడివిడిగా చూడాలి. బ్యాంకు ఖాతా నడపలేని మనిషికి తన ఇల్లు కావాలో వద్దో తెలిసే ఉండొచ్చు. వీలైన సాయమంటే ఏమిటి? మనవాళ్ల విషయంలో మొట్టమొదటి సాయం తెలుగు. యాభై ఏళ్లు ఇంగ్లీషులో షిఫ్టులు చేసిన మనిషి కూడా డిమెన్షియా ముదిరేకొద్దీ తల్లిభాషలోకి జారుకోవడం ఇక్కడి కేర్ హోముల్లో అందరూ చూసేదే. అలాంటి మనిషిని ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలడిగి, దుబాసీని కూడా పెట్టకుండా, "అండర్‌స్టాండింగ్ లేదు" అని రాసేస్తే ఆ పరీక్షలో తప్పింది ఎవరు? పెద్దమ్మగారికి ఇంగ్లీషులో "డూ యూ వాంట్ టు గివప్ ది ఫ్లాట్?" అంటే తలూపుతుంది, మర్యాదకి. "పెద్దమ్మా, ఇల్లు వదిలేద్దామా?" అంటే తలెత్తి సూటిగా చూస్తుంది.

ఆ తలూపడాన్ని కోర్టులే తేలిగ్గా నమ్మవు. 2000లో హామర్‌స్మిత్ అండ్ ఫుల్‌హామ్ కౌన్సిల్‌కి, నర్సింగ్ హోమ్‌లో ఉన్న ఒక వృద్ధురాలికి మధ్య నడిచిన కేసు ఉంది. ఆవిడ తిరిగి రాదనడానికి కౌన్సిల్ చూపిన ఆధారాల్లో ఆవిడ సంతకమున్న ఒక చీటీ కూడా ఉంది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. వయసు మళ్లి, ఒంట్లో బాగాలేని మనిషి మనసు రోజుకోలా ఊగుతుంది. చూడాల్సింది ఒక పూట మాట కాదు, నిలకడగా ఉన్న ఉద్దేశం అంది. ఈ ఉద్దేశమే అసలు కీలకం. అద్దెదారు ఆ ఇంటిని తన ముఖ్య నివాసంగా ఉంచుకున్నంతకాలమే ఆ భద్రత ఉంటుంది. మనిషి అక్కడ లేకపోయినా, తిరిగొచ్చే ఉద్దేశం నిజంగా ఉండి, ఆ ఉద్దేశానికి కంటికి కనబడే గుర్తులు ఇంట్లో ఉంటే, నివాసం కొనసాగుతున్నట్టే. గుర్తులంటే ఏమిటి? మంచం, బీరువా, వంటసామాను, గోడమీద పెళ్లిఫోటో. "ముందు సామాను సర్దేద్దాం, నోటీసు సంగతి తర్వాత" అనేవాళ్లు ఇది గమనించాలి. సామాను తీసేయడమంటే సాక్ష్యం తీసేయడమే.

సరే, అద్దె మాట. "ఖాళీ ఇంటికి ఎవరు కడతారు?" అన్నది నిజమైన ప్రశ్నే, దాన్ని దాటేయను. పెద్దవాళ్లలో చాలామంది అద్దెను హౌసింగ్ బెనిఫిట్ కడుతుంది. హోమ్ నచ్చుతుందో లేదో చూడటానికి చేరి, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దామనుకున్న మనిషికి ఆ బెనిఫిట్ 13 వారాల దాకా ఆగదు. ఆసుపత్రిలోనో, కోలుకోవడానికి తాత్కాలికంగా హోమ్‌లోనో ఉండి తిరిగి వచ్చేవాళ్లకైతే 52 వారాల దాకా వీలుంది. ఈలోపు ఇల్లు ఇంకెవరికీ అద్దెకివ్వకూడదు. చేరిక తాత్కాలికమైతే హోమ్ ఛార్జీ లెక్కగట్టేటప్పుడు ఇంటి ఖర్చులు మినహాయించి చూడాలి. మనిషి శాశ్వతంగా హోమ్‌కి మారి ఇల్లు ఖాళీగా ఉండిపోతే ఆ ఖాళీ ఇంటికి కౌన్సిల్ టాక్స్ మినహాయింపు కూడా ఉంది. ఇవన్నీ అడిగితేనే వస్తాయి. తాత్కాలికమని ఫారం మీద రాయకపోతే శాశ్వతమనే రాసుకుంటారు. "అద్దె పేరుకుపోతోంది" అని భయపెట్టే గొంతు ఒక్కటి కూడా ఈ 13 వారాల సంగతి చెప్పగా నేను వినలేదు. దాచుకున్న డబ్బు ఉండి, బెనిఫిట్ రాని వాళ్లకి మాత్రం రెండు చోట్లా కట్టే బరువు నిజం. వాళ్లు లెక్క వేసుకోవాలి. కానీ ఆ లెక్కలో తిరిగి రాగలిగే అవకాశం విలువ కూడా ఒక అంకెగా వేయాలి, ఎవరూ వేయరు.

ఇక అందరికంటే గట్టి వాదన నైతికమైనది. నేను గౌరవించే స్నేహితులు కూడా ఇదే అంటారు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్ల కోసం వరసలో ఉన్న కుటుంబాలు 13 లక్షలు దాటాయి. దాదాపు లక్షా ముప్పై వేల కుటుంబాలు హోటల్ గదుల్లో, తాత్కాలిక వసతుల్లో పిల్లాపాపలతో కాలక్షేపం చేస్తున్నాయి. అలాంటప్పుడు మనిషి లేని ఫ్లాట్ పట్టుకుని కూర్చోవడం స్వార్థం కాదా? ఈ ప్రశ్న అడిగేవాళ్లని నేను తప్పుపట్టను, ప్రశ్న అడగాల్సిన చిరునామా అది కాదంటాను. 1980 నుంచి రైట్ టు బై పథకం కింద ఇంగ్లండ్‌లో దగ్గరదగ్గర 20 లక్షల ఇళ్లు అద్దెదారులకే తగ్గింపు ధరకి అమ్మేశారు. వాటి స్థానంలో కట్టినవి వేళ్లమీద లెక్కపెట్టేంత కాకపోయినా, అమ్మినవాటి దరిదాపుల్లోకి రావు. ఈ కొరత ప్రభుత్వాలు నలభై ఏళ్లు చేసుకుంటూ వచ్చింది. తుంటి విరిగిన ముసలావిడ మూడు నెలలు ఆలోచించుకోవడం వల్ల వచ్చింది కాదు. తాళాలు చేతికొచ్చిన ఫ్లాట్ మరమ్మతులంటూ వారాలు, కొన్నిచోట్ల నెలలు ఖాళీగా పడి ఉండటం కౌన్సిళ్లలో మామూలే. ఆ ఖాళీకి నైతికత లేదు, ఈవిడ ఖాళీకి మాత్రం ఉంది!

పొదుపు కోణంలో చూసినా ఆ వాదన నిలబడదు. కేర్ హోమ్ ఖర్చు చాలాచోట్ల వారానికి వెయ్యి పౌండ్లు దాటుతోంది. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకంటే తక్కువ పొదుపున్న మనిషికి ఆ ఖర్చులో పెద్ద భాగం కౌన్సిలే భరిస్తుంది. కౌన్సిల్ అద్దెదారుల్లో ఎక్కువమంది ఈ కోవకే వస్తారు. అంటే ఇంటికి వెళ్లగలిగిన మనిషికి ఇల్లు లేకుండా చేసి, వారానికి వందో రెండు వందలో ఉండే అద్దె మిగిల్చి, దానికి ఎన్నో రెట్లు హోమ్‌కి పోస్తున్నారు. హౌసింగ్ విభాగం లాభం చూసుకుంటుంది, సోషల్ కేర్ విభాగం నష్టం రాసుకుంటుంది. రెండూ ఒకే భవనంలో రెండు అంతస్తులు.

అద్దెదారు ఒక్కరే ఉన్న ఇంటి సంగతి ఇంతవరకు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఈ తొందర ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు మాటలు మెత్తగా రావు.

భార్యాభర్తలిద్దరి పేరా టెనెన్సీ ఉందనుకోండి. ఆయనకి డిమెన్షియా ముదిరి హోమ్‌లో చేరారు. ఆవిడ ఇంట్లోనే ఉంది. "నాన్నగారి పేరు తీయించేద్దాం, ఒక్కరే ఉన్నందుకు కౌన్సిల్ టాక్సు కూడా తగ్గుతుంది" అని కొడుకు ఫారం తెప్పిస్తాడు. అతని చేతిలో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ పక్కాగా ఉంది. సంతకం చేస్తాడు. ఆ కాగితం నోటీస్ టు క్విట్ అయితే, ఉమ్మడి టెనెన్సీలో ఒకరి నోటీసుతో మొత్తం టెనెన్సీ పోతుంది, ఆవిడది కూడా. 1991లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన సూత్రమిది. విచిత్రంగా అదీ హామర్‌స్మిత్ అండ్ ఫుల్‌హామ్ కౌన్సిల్ కేసే. 2014లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఆ తర్వాత ఆవిడకి కౌన్సిల్ కొత్త ఒప్పందం ఇవ్వొచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. ఒక్కరికి రెండు గదులెందుకని చిన్నదానికి మారమనొచ్చు. కౌన్సిల్ టాక్సు తగ్గింపుకి పేరు తీయించాల్సిన పనే లేదు. ఆయన హోమ్‌లో శాశ్వతంగా ఉన్నారని చెబితే చాలు, ఒంటరి నివాసి కింద 25 శాతం తగ్గిస్తారు.

కూతురు ఉన్న ఇల్లయితే కథ ఇంకోలా చెడుతుంది. అమ్మని చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, తన గది వదులుకుని, అమ్మ దగ్గరకొచ్చి ఏళ్ల తరబడి ఉంటున్న కూతుళ్లు ఉన్నారు. 2012 ఏప్రిల్ 1కి ముందు మొదలైన సెక్యూర్ టెనెన్సీ అయితే, అంతకుముందు ఎవరికీ వారసత్వంగా రాకపోతే, అమ్మ చనిపోయేనాటికి ఏడాదిగా అక్కడే ఉన్న కూతురికి ఆ ఇల్లు వారసత్వంగా వచ్చే హక్కు ఉంది. కానీ ఆ హక్కు పుట్టేది మరణంతోనే. అమ్మ బతికుండగానే, హోమ్‌లో చేరిన వారంలోనే అన్నయ్య నోటీసిచ్చేస్తే కూతురికి మిగిలేది వీధి. అమ్మ సెక్యూర్ అద్దెదారుగా ఉండగానే, వారసురాలు కాదగిన కూతురి పేర దస్తావేజు ద్వారా టెనెన్సీ బదిలీ చేసే దారి 1985 చట్టంలోనే ఉంది. అది హోమ్‌కి శాశ్వతంగా మారిపోయాక కాదు, మారకముందు చేయాలి. ఈ దారి ఉందని ఆఫీసు తనంతట తాను చెప్పదు. అన్నయ్యకి తెలియదు. చెల్లెలు అడగడానికి మొహమాటపడుతుంది: "ఇంటి కోసమే అమ్మని చూసుకుందంటారేమో" అని. అనేవాళ్లు అంటారు. ఏళ్లపాటు రాత్రిళ్లు లేచింది ఎవరో వాళ్లకీ తెలుసు.

మన దేశంలో తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం తెచ్చినప్పుడు, పిల్లలకి రాసిచ్చిన ఆస్తిని వాళ్లు చూడకపోతే వెనక్కి తీసుకునే దారి 23వ సెక్షన్‌లో పెట్టారు. పెద్దవాళ్ల చేతిలో ఉన్నదాన్ని పిల్లలే జారవిడిచే ప్రమాదముందని ఒప్పుకున్న చట్టమది. కౌన్సిల్ ఇంటి విషయంలో అలాంటి వెనక్కి తీసుకునే దారి లేదు, ఇక్కడ జారవిడిచేది దురాశతోనూ కాదు. ఎక్కువగా మంచితనంతోనే. అమ్మకి ఇబ్బంది ఉండకూడదని, అప్పు మీద పడకూడదని, ఎవరికీ రుణపడకూడదని.

ఇంతా చెప్పి, ఇల్లు ఎప్పటికీ వదలొద్దనడం లేదు. తిరిగి రాలేరని డాక్టర్లూ ఇంటివాళ్లూ ఒప్పుకుని, పెద్దమనిషి కూడా ఒప్పుకున్నాకో, ఒప్పుకునే శక్తి నిజంగా లేదని తేలాకో, వదలాల్సిందే. అప్పుడు అట్టిపెట్టుకోవడం తప్పే. అందులో వేరేవాళ్లని పెట్టి అద్దె వసూలు చేయడమైతే 2013 నుంచి నేరం. వదిలే పద్ధతి కూడా కష్టమైందేం కాదు: అధికారం ఉన్న మనిషి రాతపూర్వకంగా, కనీసం 4 వారాల గడువుతో, అద్దె వారం ముగిసే రోజుకి సరిపోయేలా నోటీసివ్వాలి; గ్యాసు, కరెంటు మీటర్ల రీడింగు ఫోటో తీసుకోవాలి; తాళాలిచ్చినందుకు రసీదు అడగాలి. చనిపోయినవాళ్ల ఇంటి విషయంలో ఇంకో మాట: మరణంతో టెనెన్సీ దానంతటదే ఆగిపోదు, అద్దె నడుస్తూనే ఉంటుంది. అయితే ఆ బాకీ చనిపోయినవాళ్లు మిగిల్చిన సొమ్ములోంచి తీరాల్సింది, పిల్లల జేబులోంచి కాదు. నేను చెప్పిందంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌కీ వేల్స్‌కీ వేరే చట్టాలున్నాయి. హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లకి కొన్ని నిబంధనలు మారతాయి.

కాబట్టి ఆ కాగితం మీ ముందుకొచ్చిన రోజున ఒక్క సంతకానికి ముందు కొన్ని మాటలు అడగండి. ఈ చేరిక తాత్కాలికమా, శాశ్వతమా, అది ఎవరు ఎక్కడ రాశారు? అమ్మని తెలుగులో అడిగారా? సంతకం చేసే అధికారం నాకు ఏ పత్రం ఇచ్చింది? ఒప్పందంలో ఇంకెవరి పేరుంది, ఆ ఇంట్లో ఇంకెవరుంటున్నారు? హౌసింగ్ బెనిఫిట్ ఇంకా ఎన్ని వారాలు నడుస్తుంది? జవాబులు రాతలో రానివ్వండి. ఊళ్లో ఉచిత న్యాయసలహా కేంద్రం ఉంటే ఆ ఫారం పట్టుకుని ముందు అక్కడికి వెళ్లండి, కౌన్సిల్‌కి తర్వాత. అధికారమున్నవాళ్లు సక్రమంగా ఇచ్చిన నోటీసును, తర్వాత మనసు మార్చుకుని వెనక్కి తీసుకోవడం ఇంగ్లండ్ చట్టంలో కుదరదు. కౌన్సిల్ దయతలచి సరేనన్నా పాత టెనెన్సీ తిరిగి రాదు. వచ్చేది కొత్త ఒప్పందం, కొత్త షరతులతో, ఆ రోజున్న అద్దెతో.